ముప్పై దాటాక అమెరికాలో మొదటి ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) పని: మన వరంగల్ వాళ్ల కోసం

హన్మకొండలోనో కాజీపేటలోనో పదేళ్లు ఉద్యోగం చేసి, పెళ్లీ పిల్లలూ అయ్యాక ఎమ్మెస్‌కు వచ్చినవాళ్లకు టెన్షన్ ఒకటే: ఇరవై రెండేళ్ల కుర్రాళ్లుండగా నన్నెవరు రీసెర్చ్ అసిస్టెంట్‌గా తీసుకుంటారు? తీసుకుంటారు. ప్రొఫెసర్‌కు కావలసింది ఆగిపోయిన పని ముందుకు జరిపే మనిషి.

మనవాళ్లేమో ఆ పదేళ్లను రెజ్యూమెలో ఒక్క లైనుకు కుదించేస్తారు. ఎనుమాముల మార్కెట్లో పత్తి కొనుగోళ్ల లెక్కలు చూసినాయన సంగతే తీసుకోండి. తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుందనీ, 12 దాటితే సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కొనదనీ, కుప్ప పైన చూసిన తేమకూ లోపలి తేమకూ తేడా ఉంటుందనీ ఆయనకు తెలుసు. పంట ధరల మీద పనిచేసే ప్రొఫెసర్‌కు ఇది తెలిసిన విద్యార్థి ఎంతమంది దొరుకుతారు?

‘రెస్పెక్టెడ్ సర్’ అంటూ ఒకే మెయిల్ వందమందికి కొట్టకండి. ఆ ప్రొఫెసర్ పేపర్ ఒకటి నిజంగా చదివి, ఈ మాదిరి రాయండి: “మీరు ధరలను నెలవారీగా తీసుకున్నారు. నేను రోజువారీ రికార్డులతో పనిచేశాను. తప్పు ఎంట్రీలు ఏరి, పైథాన్‌లోకి ఎక్కించగలను. వారానికి పది గంటలు ఇవ్వగలను. పదిహేను నిమిషాలు కలవచ్చా?” వారమైనా జవాబు రాకపోతే మళ్లీ రాయండి, మొహమాటం వద్దు. ఆఫీస్ అవర్స్‌కు, అంటే విద్యార్థులను కలవడానికి ప్రొఫెసర్ కేటాయించిన వేళకు, నేరుగా వెళ్లండి. సార్ తలెత్తేదాకా తలుపు బయట చేతులు కట్టుకుని నిలబడే అలవాటు ఇక్కడ అక్కరకు రాదు.

మొదట దొరికేది చాలావరకు గంటల లెక్కన జీతమిచ్చే పనే. ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుందని ఇంట్లో ముందే చెప్పేయకండి.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. ప్రకటనలో ‘ఫెడరల్ వర్క్-స్టడీ’ అని ఉంటే అది అమెరికా ప్రభుత్వ సాయంతో ఇచ్చే పని, మనకు కాదు. జీతం లేకుండా ల్యాబ్‌లో చేస్తానని మాటివ్వకముందే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి, వీసాకు ఇబ్బంది రావచ్చు. పని ఖాయమయ్యాక డిపార్ట్‌మెంట్ నుంచి ఒక లెటర్, ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి ఒకటి తీసుకుని, పాస్‌పోర్టు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం)లతో సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్తే, జీతం లెక్కలకు కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరుకు అప్లై చేయవచ్చు.