బేస్ గిటార్ పికప్‌ల మార్పిడి – నాలుగవ పాఠం: రెండు పికప్‌లను జంటగా ఎంచుకోవడం, జంటగా కలపడం

గత మూడు పాఠాలలో పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) పనిచేసే తీరును, మల్టీమీటర్ వాడకాన్ని, సోల్డరింగ్‌ను నేర్చుకున్నాం. పాత రేడియో బోర్డు మీద అతుకులు వేసి, ఊడదీసి, మళ్ళీ వేసి చేయి కుదిరిన తరువాతే ఈ పాఠంలోకి రావాలని మనవి. ఈసారి పని చేయబోయేది నిజమైన వాయిద్యం మీద. ఇందులో తప్పు జరిగితే తెగేది పికప్ లోపల చుట్టిన తలవెంట్రుకంత సన్నని రాగి తీగ. అది ఒకసారి తెగితే ఇంట్లో బాగుచేసుకోవడం చాలా కష్టం.

ఉదాహరణగా నాలుగు తీగల జాజ్ బేస్ నమూనాను తీసుకుంటున్నాను. ఫెండర్ సంస్థ 1951లో ప్రెసిషన్ బేస్‌ను, 1960లో జాజ్ బేస్‌ను విడుదల చేసింది. మొదటిదానికి ఒకే పికప్ ఉంటే, రెండవదానికి రెండు పొడవాటి సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు వచ్చాయి: ఒకటి నెక్ (వేళ్ళతో నొక్కే మెడ) వైపు, ఇంకొకటి బ్రిడ్జి (తీగల కింది కొనలు ఆనే భాగం) వైపు. ఆ నమూనాను తరువాత ఎందరో తయారీదారులు అనుసరించారు. అందువల్ల ఈరోజు తక్కువ ధరలో దొరికే రెండు పికప్‌ల బేస్‌లలో చాలావాటిని విప్పి చూస్తే లోపల ఇదే వైరింగ్, అంటే రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్, ఒక జాక్ కనిపిస్తాయి. మీ గిటార్‌లో బ్యాటరీతో నడిచే ప్రీ-యాంప్ (సంకేతాన్ని గిటార్ లోపలే పెంచే సర్క్యూట్) ఉంటే ఈ పాఠాన్ని చదవండి కానీ, దాని మీద ప్రయోగించకండి. దాని లెక్క వేరు.

ముందు కొలతల సంగతి. ఈ నమూనాలో నెక్ వైపు పికప్ బ్రిడ్జి వైపు దానికంటే పొట్టిగా ఉంటుంది. సాధారణంగా నెక్ వైపుది సుమారు 92 మిల్లీమీటర్లు, బ్రిడ్జి వైపుది సుమారు 95 మిల్లీమీటర్లు పొడవు. బ్రిడ్జికి దగ్గరయ్యే కొద్దీ తీగల మధ్య దూరం పెరగడమే దీనికి కారణం. అయితే కొందరు తయారీదారులు రెండు చోట్లా ఒకే పొడవు పికప్‌లను బిగిస్తారు. కాబట్టి ఆర్డరు పెట్టే ముందు పాత పికప్‌ల మూతలను స్కేలుతో కొలిచి, ఆ అంకెలను కాగితం మీద రాసుకోండి. మూడు మిల్లీమీటర్ల తేడా చూడటానికి చిన్నదే, కానీ చెక్కలో తొలిచిన గుంటలో ఆ పికప్ దిగదు. దాన్ని దింపడానికి ఉలి పట్టవలసిన అవసరం ఎవరికీ రాకూడదు.

తరువాత రెసిస్టెన్స్. అమ్మకపు వివరాలలో ప్రముఖంగా కనిపించే అంకె ఇదే. జాజ్ నమూనా పికప్‌లకు ఇది సాధారణంగా 7 నుంచి 8 కిలో ఓమ్‌ల మధ్య, ప్రెసిషన్ నమూనాకు 10 నుంచి 11 మధ్య ఉంటుంది. అంకె పెరిగితే శబ్దం పెరుగుతుందన్న మాట ప్రచారంలో ఉంది, కానీ దాన్ని పూర్తిగా నమ్మవద్దు. ఎక్కువ చుట్లు చుట్టినా రెసిస్టెన్స్ పెరుగుతుంది, చుట్లు పెంచకుండా ఇంకా సన్నని తీగ వాడినా పెరుగుతుంది. ఒకే గేజ్ (మందం) తీగతో చుట్టిన రెండు పికప్‌లను పోల్చేటప్పుడే ఆ అంకె ఉపయోగపడుతుంది. ఫెండర్ తరహా పికప్‌లలో వాడేది ఎక్కువగా 42 గేజ్ రాగి తీగ, దాని మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు. పైగా రాగి రెసిస్టెన్స్ వేడితో మారుతుంది, డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల ఏసీ గదిలో 7.5 చూపిన పికప్ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో 8.1 దగ్గర చూపుతుంది. విజయవాడలో ఎండాకాలం కొలిచి, పెట్టె మీది అంకెతో సరిపోలలేదని సరుకును తిప్పి పంపే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

అయస్కాంతాల విషయంలో ఎంపిక ప్రధానంగా రెండు రకాల మధ్య ఉంటుంది: అల్యూమినియం, నికెల్, కోబాల్ట్‌లను ఇనుముతో కలిపి పోతపోసిన అల్నికో, సిరామిక్. అల్నికో 5 అన్నది ఈ తరహా బేస్‌లకు వాడుకలో స్థిరపడిన రకం. సిరామిక్ పికప్‌లు చాలావరకు గట్టిగా, పదునుగా పలుకుతాయి. నా అభిప్రాయం చెప్పమంటే, చర్చి ఆరాధనలోనో కళాశాల బ్యాండ్‌లోనో కీబోర్డు, డ్రమ్స్ మధ్య వాయించేవారికి అల్నికో 5 జంటే మేలు. కీబోర్డు ఎడమ చేయి అప్పటికే కింది స్వరాలను నింపేస్తుంది కాబట్టి, బేస్‌కు కావలసింది బరువు కంటే స్వరం మొదలయ్యే క్షణంలోని స్పష్టత.

ఇప్పుడు ఈ పాఠానికి కేంద్రమైన విషయానికి వద్దాం. ఈ రెండు పికప్‌లను విడివిడిగా కొనకూడదు. ఒకటే మార్చవలసి వస్తే, పాతదానితో అది జంటగా కుదురుతుందో లేదో పరీక్షించకుండా అతకకూడదు.

నేను మొదటిసారి బ్రిడ్జి వైపు పికప్ ఒక్కటే మార్చాను. అతుకులు మెరుస్తూ వచ్చాయి. ఒక్కొక్క వాల్యూమ్‌ను విడిగా తిప్పితే రెండూ చక్కగా పలికాయి. రెండూ కలిపి పూర్తిగా తిప్పగానే మంద్ర స్వరం మాయమైంది. లావు తీగను మీటితే కింది బలమంతా పోయి, ముక్కుతో పలికినట్టు పల్చని ధ్వని మిగిలింది. యాంప్ చెడిపోయిందనుకుని రెండు గంటలు దాన్ని పరీక్షించాను. దోషం యాంప్‌లో లేదు. రెండు పికప్‌ల సంకేతాలు ఎదురెదురు దిశల్లో వచ్చి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయి. ఎలక్ట్రానిక్స్ వాడుకలో దీన్నే అవుట్ ఆఫ్ ఫేజ్ అంటారు.

ఇది ఎందుకు జరుగుతుందో నిదానంగా అర్థం చేసుకోండి. ఒక తీగ కదిలినప్పుడు కాయిల్‌లో పుట్టే సంకేతపు దిశను రెండు విషయాలు నిర్ణయిస్తాయి: తీగ వైపు చూసే అయస్కాంత ధ్రువం ఉత్తరమా దక్షిణమా అన్నది, కాయిల్‌ను ఏ దిశలో చుట్టారన్నది. ఈ రెండింటిలో ఒకటి మాత్రమే తిరగబడితే సంకేతం తిరగబడుతుంది. రెండూ తిరగబడితే మళ్ళీ మొదటి దిశకే వస్తుంది. కానీ గోడలోని కరెంటు వైర్ల నుంచీ, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచీ వచ్చే గుంయిమనే రొదకు పికప్‌లోని అయస్కాంతంతో పని లేదు. దాని దిశను కాయిల్ చుట్టిన తీరు ఒక్కటే నిర్ణయిస్తుంది. కాబట్టి రెండవ పికప్‌లో అయస్కాంతాన్నీ చుట్లనూ రెండింటినీ తిరగేస్తే, తీగల సంకేతాలు కలిసి బలపడతాయి, రొద మాత్రం ఎదురెదురుగా వచ్చి రద్దవుతుంది. 1957లో ప్రెసిషన్ బేస్‌కు వచ్చిన రెండు ముక్కల పికప్‌లో ఇదే సూత్రం ఒకే పికప్ లోపల ఇమిడింది. జాజ్ బేస్‌లో అది రెండు పికప్‌ల మధ్య పనిచేస్తుంది.

మన దేశంలో ఈ రొద బేస్ వాయించేవారికి ప్రత్యేకంగా ఇబ్బంది కలిగిస్తుంది. ఇక్కడి సరఫరా 50 హెర్ట్జ్. బేస్‌లో లావు తీగ ఇ పలికేది 41.2 హెర్ట్జ్, తరువాతి ఎ తీగ పలికేది 55. రొద ఆ రెండింటి మధ్య కూర్చుంటుంది. దాని రెట్టింపు 100 హెర్ట్జ్ అయితే 98 హెర్ట్జ్ పలికే జి తీగ పక్కనే నిలుస్తుంది. అందుకే టోన్ తగ్గించినా అది పోదు. జంట సరిగా కుదిరితే మాత్రం రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిచినప్పుడు చాలావరకు అణగిపోతుంది. ఒకదాన్ని తగ్గించిన మేరకు రొద తిరిగి వస్తుందన్నది గుర్తుంచుకోండి. అది అతుకులో దోషం కాదు, ఈ నమూనా స్వభావం. ఎప్పుడూ ఒకే పికప్‌తో వాయించే అలవాటు ఉన్నవారు, ఒకే మూత కింద రెండు కాయిల్స్ అమర్చిన రొద లేని రకాలను కొనడం మంచిది. వాటిలో నాలుగు వైర్లు వచ్చే రకాలున్నాయి, రంగుల అర్థం కంపెనీని బట్టి మారుతుంది. సీమోర్ డంకన్ పద్ధతిలో నలుపు సంకేతపు వైరు, డిమార్జియో పద్ధతిలో ఎరుపు సంకేతపు వైరు. రెండింటిలోనూ ఆకుపచ్చ గ్రౌండే. మధ్యలో కలిపి ఉంచవలసినవి మొదటిదానిలో తెలుపు, ఎరుపు. రెండవదానిలో నలుపు, తెలుపు. ఒక కంపెనీ చిత్రాన్ని చూసి ఇంకో కంపెనీ పికప్‌ను అతకకండి.

జంట పరీక్షను గిటార్‌లో బిగించక ముందే చేయాలి. పికప్‌ను బల్ల మీద పెట్టి, మల్టీమీటర్‌ను డీసీ 200 మిల్లీవోల్ట్‌ల స్థాయికి తిప్పి, ఎర్ర మొనను సంకేతపు వైరుకు, నల్ల మొనను గ్రౌండ్ వైరుకు తగిలించండి. ఒక స్క్రూడ్రైవర్ ఇనుప కడ్డీని పోల్ పీస్‌ల (పికప్ పైన కనిపించే లోహపు మొనల) మీద అడ్డంగా ఆనించి, చటుక్కున పైకి లాగండి. లాగిన క్షణంలో మీటర్‌లో అంకె ప్లస్‌లో కదిలిందో మైనస్‌లో కదిలిందో చూడండి. డిజిటల్ మీటర్ కొంచెం ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి నాలుగైదుసార్లు చేయాలి. ముల్లు ఉండే పాత మీటర్ దొరికితే ఈ పనికి అదే ఉత్తమం. రెండు పికప్‌లకూ గుర్తు ఒకటే వస్తే తీగల సంకేతాలు కలుస్తాయి. వేరువేరుగా వస్తే ఏదో ఒకదాని రెండు వైర్లను అటూ ఇటూ మార్చి అతకాలి. పికప్ అడుగున లోహపు పలక ఉండి అది గ్రౌండ్ వైరుకు కలిసి ఉంటే, ముందు ఆ కలయికను విడదీసి, పలకకు వేరే గ్రౌండ్ వైరు వేయాలి. లేకపోతే పలక సంకేతపు వైపుకు చేరి, కొత్త రొదను తెస్తుంది. తరువాత చిన్న దిక్సూచిని ఒక్కొక్క పికప్ మీదికి తీసుకువెళ్ళండి. ఒకటి ముల్లు ఉత్తరపు కొనను, ఇంకొకటి దక్షిణపు కొనను లాగితే, పైగా మీటర్ గుర్తు రెండింటికీ ఒకటే అయితే, మీ జంట రొదను కూడా రద్దు చేస్తుంది.

ఇక వైరింగ్. గిటార్‌ను యాంప్ నుంచి విడదీసి, తీగలు వదులు చేసి, కంట్రోల్ ప్లేట్ విప్పండి. దేన్నీ ముట్టుకోకముందే ఫోన్‌తో రెండు మూడు కోణాలలో ఫొటోలు తీసుకోండి. పాత అతుకును వేడి చేసి వైరును దానంతట అది వదిలేలా చేయాలే తప్ప లాగకూడదు.

మామూలు గిటార్ వాల్యూమ్ పాట్‌లో (తిప్పితే రెసిస్టెన్స్ మారే, మూడు కాళ్ళున్న భాగం) సంకేతం చివరి కాలు నుంచి లోపలికి వెళ్ళి మధ్య కాలు నుంచి బయటికి వస్తుంది. జాజ్ బేస్‌లో దీనికి విరుద్ధంగా, పికప్ వైరు మధ్య కాలుకే వెళ్ళాలి. కారణం ఇది: మామూలు పద్ధతిలో కలిపితే, ఒక వాల్యూమ్‌ను సున్నాకు తిప్పగానే జాక్‌కు వెళ్ళే దారి మొత్తం గ్రౌండ్‌కు తగిలి, రెండవ పికప్ కూడా మూగబోతుంది. మధ్య కాలుకు కలిపినప్పుడు సున్నాలో ఆ ఒక్క పికప్ మాత్రమే గ్రౌండ్ అవుతుంది, బయటికి వెళ్ళే దారికీ గ్రౌండ్‌కూ మధ్య పాట్ పూర్తి రెసిస్టెన్స్ 250 కిలో ఓమ్‌లు అడ్డుగా నిలుస్తాయి.

గ్రౌండ్ కాలు ఏదో కుడి ఎడమలను బట్టి కంఠస్థం చేయవద్దు, గిటార్‌ను తిప్పిపట్టుకున్నప్పుడు తికమక పడతారు. వాల్యూమ్‌ను గడియారపు ముల్లుకు ఎదురు దిశలో చివరిదాకా తిప్పి, మధ్య కాలుకూ పక్క కాళ్ళకూ మధ్య మీటర్ పెట్టి చూడండి. ఏ కాలుతో సున్నా చూపిందో అది గ్రౌండ్ కాలు, దాన్ని పాట్ వీపుకు అతకాలి. మిగిలిన చివరి కాలు బయటికి దారి. రెండు వాల్యూమ్‌లలోనూ ఆ కాళ్ళను ఒకే వైరుతో కలిపి, టోన్‌కూ జాక్ మొన కాలుకూ తీసుకువెళ్ళాలి. టోన్ సరిగా పనిచేస్తుంటే దాన్ని కదిలించవద్దు. దానిలోని కెపాసిటర్ మీద 473 అని ఉంటే అది 0.047 మైక్రోఫారడ్, ఈ పనికి సరైనదే. పికప్‌ల గ్రౌండ్ వైర్లు, బ్రిడ్జి కింద నుంచి వచ్చే వైరు, జాక్ గ్రౌండ్ కాలు అన్నీ పాట్ల వీపులతో కలవాలి. పాట్ వీపు వేడిని త్వరగా పీల్చేస్తుంది కాబట్టి, ముందు దాన్ని గరుకు కాగితంతో కొద్దిగా గీకి, పలుచగా సోల్డర్ పూసి, ఆ తరువాత వైరును ఆనించండి.

ప్లేట్ బిగించే ముందు జాక్‌లో కేబుల్ పెట్టి, రెండవ కొన దగ్గర రెసిస్టెన్స్ కొలవండి. పికప్‌లు ఒక్కొక్కటి 7.5 కిలో ఓమ్‌లనుకుంటే, ఒక వాల్యూమ్ పూర్తిగా, రెండవది సున్నాలో ఉన్నప్పుడు సుమారు 7.1 రావాలి. రెండూ పూర్తిగా తెరిస్తే సుమారు 3.6. రెండూ సున్నాలో ఉంటే 125 దగ్గర. పికప్‌లు సమాంతరంగా ఉండటం వల్లా, పాట్లు కూడా వాటికి సమాంతరంగా చేరడం వల్లా ఈ అంకెలు వస్తాయి. పాట్లు కచ్చితంగా 250 ఉండవు కాబట్టి చివరి అంకెలో కొంత తేడాను పట్టించుకోవద్దు.

యాంప్‌కు కలిపిన తరువాత తీగలను తాకినప్పుడు రొద తగ్గితే అంతా సవ్యమే. తాకినప్పుడు పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి. యాంప్ మూడు పిన్నుల ప్లగ్‌ను నిజమైన ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టండి. బ్రిడ్జి వైరు ద్వారా తీగలు యాంప్ లోహపు పెట్టెకు కలిసి ఉంటాయి. ఎర్త్ లేని సాకెట్‌లో యాంప్ పెట్టి, తీగలు పట్టుకుని మైకుకు పెదవులు తగిలిస్తే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దు.

పికప్ ఎత్తుకు మొదటి కొలతగా, తీగలను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, లావు తీగ వైపు సుమారు 3 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు సుమారు 2.5 మిల్లీమీటర్ల సందు ఉంచండి. అంతకంటే బాగా దగ్గరికి తెస్తే అయస్కాంతం తీగను లాగి, పై ఫ్రెట్లలో స్వరం వణుకుతుంది.

అభ్యాసం: మీ జాక్ దగ్గర మూడు కొలతలనూ, గది ఉష్ణోగ్రతనూ రాసుకోండి. తరువాత ఈ ప్రశ్నకు జవాబు రాయండి: రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిచినా 3.6 రాకుండా 7.1 వస్తోంది, నెక్ వాల్యూమ్ ఒక్కటే తెరిస్తే 125 వస్తోంది. ఏ అతుకును ముందుగా చూస్తారు, ఎందుకు? జవాబును ఐదవ పాఠం మొదట్లో, ప్రెసిషన్ నమూనా పికప్‌లోని రెండు ముక్కలను వరుసగా కలపడం నేర్చుకునే ముందు, చూద్దాం.