వరి నారు పసుపెక్కుతోందా? యూరియా వేసేముందు వేరు చూడండి

నారుమడిలోనో, ఆరుతడి వరిలోనో అక్కడక్కడా మొక్కలు పసుపెక్కి గిడసబారితే ముందు యూరియా చల్లుతాం, తర్వాత జింక్ పిచికారీ చేస్తాం. రెండూ చేసినా పచ్చబడకపోతే వేరు చూడాల్సిందే. నిజానికి ఆ పని మొదటే చేస్తే బోలెడు ఖర్చు మిగులుతుంది.

ఎలా చూడాలి?

మొక్కను పట్టి లాగకండి. వేరు కొసలు మట్టిలోనే తెగిపోతాయి, మనం చూడాల్సింది వాటినే. మట్టిగడ్డతో సహా తవ్వి, బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా కడగండి. కొసలు ఉబ్బి కొక్కెంలా వంకర తిరిగి ఉంటే అది వేరుబుడిపె నులిపురుగు పని. ఇది వేరులోకి దూరి బుడిపెలు కట్టించే, కంటికి ఆనని సన్నని పురుగు. పెసర, మినుము వేర్ల మీది బుడిపెలు నత్రజనినిచ్చేవి. వరికి అలాంటివి ఉండవు కాబట్టి వాటితో పోల్చుకుని ఊరుకోవద్దు.

వేర్లు శుభ్రంగా ఉండి ఆకుల మీద తుప్పు మచ్చలుంటే జింక్ లోపం కావచ్చు. లేత ఆకులే తెల్లబారుతుంటే ఇనుము లోపాన్ని అనుమానించండి.

ఎందుకొస్తుంది?

మట్టిలోని పిల్లపురుగు వేరు కొసలోకి దూరి అక్కడే స్థిరపడుతుంది. నీళ్లు నిలిచిన మడిలో కొత్తగా దూరడం దానికి కష్టం. అందుకే దమ్ము చేసి నాటిన వరిలో కన్నా వెదపద్ధతిలో, మెట్ట నారుమడిలో దీని బెడద ఎక్కువ. అయితే లోపలికి చేరాక ఆడపురుగు గుడ్లు కూడా వేరులోనే పెడుతుంది. కాబట్టి ఆలస్యంగా నీళ్లు కడితే ఫలితం అంతంతమాత్రమే.

ఏం చేయాలి?

బుడిపెలున్న నారును పొలంలో నాటకండి. దాంతోపాటే పురుగూ పొలానికి చేరుతుంది. నాటిన పొలంలో కనబడితే వీలున్నంతవరకు మడి ఆరనివ్వకుండా నీళ్లు నిలపండి.

అసలు పని వచ్చే పంటకు ముందే ఉంది. వేసవిలో నారుమడిని తడిపి, పల్చని పారదర్శక పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో కప్పి మూడు, నాలుగు వారాలు ఉంచండి. దుక్కిలో వేపపిండి వేయండి. పురుగు బాగా ఉన్న పొలంలో వరి మీద వరి ఆపి, ఒక పంట నువ్వులో ఆవాలో వేయండి.

ఊదగడ్డిని గట్టుమీద కూడా ఉంచొద్దు. 1965లో అమెరికాలోని లూసియానాలో శాస్త్రవేత్తలు ఈ పురుగును గుర్తించి పేరు పెట్టింది ఊదజాతి గడ్డి వేర్లలోనే. పొలంలో వరి లేనప్పుడు ఆ గడ్డే దానికి ఆసరా.

గుళికల మందులు కొనేముందు వ్యవసాయ అధికారిని అడగండి. పాత సిఫార్సుల్లోని కొన్ని మందులను ఇప్పుడు వాడకూడదు.