కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ: దరఖాస్తు ఇలా పెట్టుకోండి

తెలిసినాయనకు ప్రోనోటు మీద లక్షన్నర ఇచ్చారనుకుందాం. రెండేళ్లయినా అసలూ లేదు, వడ్డీ లేదు. దావా వేద్దామంటే కోర్టు ఫీజు, వకీలు ఫీజు, వాయిదాలు. ఇలాంటి తగాదాను కోర్టులో కేసు వేయకుండానే లోక్ అదాలత్‌కు తీసుకెళ్లవచ్చు. ఆఫీసులో దీన్ని ప్రీ లిటిగేషన్ కేసు, పొట్టిగా పీఎల్‌సీ అంటారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఈ వీలు కల్పించింది.

అప్పులు, అద్దె బాకీలు, గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, భరణం లాంటివన్నీ పెట్టుకోవచ్చు. విడాకులు ఇక్కడ ఇవ్వరు. రాజీకి చట్టం ఒప్పుకోని క్రిమినల్ కేసులనూ తీసుకోరు.

జిల్లా కేంద్రంలో అయితే కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మిగతా ఊళ్లలో దగ్గరి కోర్టులో ఉండే మండల కమిటీని అడగండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేస్తే చెబుతారు. ఫీజేమీ లేదు. వకీలు ఉండాలన్న నిబంధన కూడా లేదు.

దరఖాస్తును తెల్లకాగితం మీద తెలుగులోనే రాసివ్వవచ్చు. మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, తర్వాత ఎదుటివారి వివరాలు రాయాలి. వారి చిరునామా దగ్గర జాగ్రత్త, నోటీసు వెళ్లేది దానికే. తప్పుంటే నోటీసు తిరిగొచ్చి నెలలు గడుస్తాయి. విషయం ఒక పేజీ మించకుండా రాయండి: ఎప్పుడు, ఎంత, ఏ కాగితం మీద ఇచ్చారు, ఇప్పుడు ఏం కోరుతున్నారు. ఎదుటివాళ్ల గుణగణాలు మనకెందుకు? ఆధార్, ప్రోనోటు జిరాక్సులు జతచేయండి. ఒరిజినల్ మాత్రం మీ దగ్గరే ఉంచుకుని, అడిగినప్పుడు చూపించండి.

నోటీసు అందాక ఇద్దరినీ ఒక తేదీకి పిలుస్తారు. బెంచిలో న్యాయాధికారితో పాటు వకీలో, సామాజిక కార్యకర్తో ఉంటారు. తప్పెవరిదో తేల్చే తీర్పు అక్కడ రాదు, ఇద్దరినీ ఒక మాట మీదికి తేవడమే వాళ్ల పని. అందుకే ఎంతవరకు తగ్గగలరో ఇంట్లోనే అనుకుని వెళ్లండి. కుదిరిన రాజీని అవార్డుగా రాసి, ఇద్దరి సంతకాలూ తీసుకుని, కాపీలు ఉచితంగా ఇస్తారు.

సంతకానికి ముందు రెండుసార్లు చదవండి. ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. 'వీలు చూసుకుని ఇస్తాను' అన్న మాటకు ఒప్పుకోకండి. ఏ తేదీకి ఎంత, ఒక కిస్తీ తప్పితే మిగతా మొత్తం ఒకేసారి కట్టాలా అన్నది రాయించుకోండి. డబ్బు కట్టకపోతే మళ్లీ దావా అక్కర్లేదు, కోర్టులో ఈపీ (అవార్డును అమలు చేయించమని కోరే పిటిషన్) వేసి వసూలు చేసుకోవచ్చు.

ఎదుటివాళ్లు రాకపోయినా, రాజీ కుదరకపోయినా దరఖాస్తు మూసేస్తారు. మీరు కోర్టుకు వెళ్లవచ్చు. అయితే ప్రోనోటు బాకీకి దావా గడువు మూడేళ్లే. ఇక్కడ దరఖాస్తు పెట్టాం కదా అని ఆ లెక్క మరిచిపోవద్దు. చివరి రెండు మూడు నెలల్లో ఉంటే ముందు వకీలును కలవడమే మేలు. ఆ ఫీజు భారమనుకుంటే, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, ఇంకా తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇదే సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది.

కరెంటు బిల్లు, బీమా క్లెయిము, ఆసుపత్రి సేవల లాంటి గొడవలకు వేరే తలుపుంది: శాశ్వత లోక్ అదాలత్. కోటి రూపాయలు మించని వివాదాలను తీసుకుంటుంది. అక్కడ రాజీ కుదరకపోతే బెంచే తీర్పు చెప్పగలదు. దరఖాస్తు పెట్టాక అదే గొడవ మీద కోర్టుకు వెళ్లే వీలుండదు కాబట్టి, కాగితాలన్నీ సర్దుకున్నాకే ఆ మెట్లెక్కండి.