సూపర్‌హీరో ఆర్‌పీలో గొడవలా? పవర్లు తగ్గించే ముందు ఇది చూడండి

నలుగురైదుగురు కలిసి ఒక సూపర్‌హీరో లోకం కట్టుకుని అందులో ఆర్‌పీ (రోల్‌ప్లే, తలా ఒక క్యారెక్టర్ తీసుకుని కలిసి కథ రాయడం) రాసుకునే గ్రూపుల నుంచి నాకు వచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఫలానా వాడి క్యారెక్టర్ మరీ ఓపీ (అతి బలవంతుడు) అయిపోయింది, ఏం చేయమంటారు?" అడిగేలోపే జీఎం (గేమ్ మాస్టర్, ఆట నడిపేవాడు) కత్తెర పట్టేసి ఉంటాడు. పవర్లు కోస్తాడు, కొన్నాళ్లు అంతా సద్దుమణుగుతుంది, తర్వాత అదే గొడవ ఇంకో క్యారెక్టర్ పేరు మీద మళ్లీ లేస్తుంది.

క్యారెక్టర్ షీట్ (క్యారెక్టర్ వివరాల కాగితం), సెషన్ జీరో (ఆట మొదలయ్యే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకోవడం), ఎదుటివాళ్ల క్యారెక్టర్‌ని మనం ఆడించకూడదనే రూలు, ఇవన్నీ మీకు తెలుసనే అనుకుంటున్నా. ఉదాహరణలన్నీ విశాఖలో నడిచే లోకం మీద ఇస్తాను, నా చేతికి అలవాటైన ఊరు అదే.

ఏ గొడవైనా సరే, ముందు ఈ చెక్

లోర్ డాక్యుమెంట్ (మీ లోకం సంగతులన్నీ రాసుకున్న ఫైలు) తెరవండి. మొదటి పేజీలో మూడింటికి జవాబు ఉందా? పవర్లు ఎప్పుడు వచ్చాయి, ఎక్కడి నుంచి వచ్చాయి, మామూలు జనానికి ఆ సంగతి తెలుసా (తెలిస్తే ఎన్నేళ్లుగా). ఇంతే, ఐదు నిమిషాల పని. విలన్ ముఠా జెండా రంగు దగ్గర్నుంచి హీరో అమ్మమ్మగారి ఊరు దాకా రాసి ఈ మూడూ వదిలేసిన డాక్యుమెంట్లు చూసీ చూసీ విసుగొచ్చింది.

జనానికి తెలిసి రెండేళ్లే అయితే బీచ్ రోడ్డు మీద ఎగిరే మనిషిని చూసి ట్రాఫిక్ ఆగిపోతుంది, అందరి ఫోన్లూ పైకి లేస్తాయి. యాభై ఏళ్లయితే మురీ మిక్చర్ బండాయన తల కూడా ఎత్తడు. ఒకరు మొదటిది అనుకుని, ఇంకొకరు రెండోది అనుకుని ఒకే సీన్ రాస్తుంటే ఎంత మంచి రాతగాళ్లైనా అది అతకదు.

దీన్ని సరిగ్గా చేసినవాళ్లకు ఉదాహరణ కావాలంటే వైల్డ్ కార్డ్స్ ఉంది. అమెరికాలో అల్బకర్కీ ఊళ్లో కొందరు రచయితలు సూపర్‌వరల్డ్ అనే ఆట ఆడుకుంటూ ఉంటే అందులోంచి పుట్టింది, 1987 నుంచి పుస్తకాలుగా వస్తోంది, ఒక్కో పుస్తకంలో చాలామంది చేతులుంటాయి. అంతమంది రాస్తున్నా పునాది ఒక్కటే: 1946 సెప్టెంబరు 15న మాన్‌హట్టన్ మీద ఒక గ్రహాంతర వైరస్ పడింది, పవర్లన్నీ దానివల్లే. తేదీ, చోటు, కారణం మూడూ ఒక్క వాక్యంలో వచ్చేశాయి. మీ లోకానికీ అలాంటి వాక్యం ఒకటి రాసి పిన్ చేయండి. రాయలేకపోతున్నారంటే గ్రూపులో ఆ విషయం ఇంకా తేలలేదన్నమాట, అక్కడే ఆగి తేల్చుకోండి.

ఒకరు రాస్తే ఓకే, అదే ఇంకొకరు రాస్తే ఓపీ

కొలత లేకపోవడం వల్ల వచ్చే గొడవ ఇది. డైస్‌తో ఆడే సిస్టమ్స్‌లో (ఆట రూల్స్ సెట్లలో) దీనికి ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది: 1981లో వచ్చిన ఛాంపియన్స్‌లో పాయింట్లు పెట్టి పవర్లు కొనుక్కోవాలి, మ్యూటంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్‌లో పవర్ లెవెల్ అని ఒక పరిమితి ఉంటుంది. రాసుకునే ఆర్‌పీలో ఇవేవీ లేక "బాగా బలవంతుడు" అని షీట్లో రాసి వదిలేస్తారు. దానికి బదులు అందరూ రోజూ చూసే వస్తువులతో కొలవండి. ఒకడు ఆటో ఎత్తగలడు, ఇంకొకడు ఖాళీ లారీ, మరొకడు బొగ్గు నిండిన గూడ్స్ వ్యాగన్ (80 టన్నులు దాటుతుంది). వ్యాగన్ పైన ఇంకో మెట్టు పెట్టకండి, పెడితే ఆ మెట్టు మీదకు వారంలో అందరూ ఎక్కేస్తారు.

ఎగిరేవాళ్లకూ ఇదే లెక్క. విశాఖ నుంచి హైదరాబాద్‌కు గాల్లో సుమారు 500 కిలోమీటర్లు. శబ్ద వేగంతో పోయేవాడికైనా 24, 25 నిమిషాలు పడుతుంది, "క్షణంలో చార్మినార్ దగ్గర వాలాడు" అని రాసేవాళ్లకు ఆ అంకె చూపించండి చాలు.

పవర్ల మీద మొదలై మనుషుల మీదకు పోయే గొడవ

ఇప్పుడు అసలు దొంగ దగ్గరకొద్దాం. పైవన్నీ సరిగ్గానే ఉన్నాయి, డాక్యుమెంట్ శుభ్రంగా ఉంది, అయినా ఇద్దరు మంచి ప్లేయర్లు ఒకరినొకరు "నువ్వు చీట్ చేస్తున్నావ్" అనుకునే దాకా వచ్చారు. ఇలాంటప్పుడు షీట్లు తిరగేయడం దండగ. ప్రైవేట్ చాట్‌లో పుట్టి పేజీ మీదకు రాని లోర్ ఏదైనా ఉందేమో వెతకండి.

అది ఎలా పుడుతుందో చెప్తా. ఇద్దరు ప్లేయర్లు రాత్రి పదకొండింటికి చాట్ చేసుకుంటున్నారు. "మన సముద్రం హీరో హార్బర్‌లో అలా తిరుగుతుంటే నేవీ ఊరుకుంటుందా? తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊరు కదరా ఇది" అంటాడొకడు. మంచి ప్రశ్నే. "అయితే నేవీ దగ్గర పవర్లున్నవాళ్ల లిస్టు ఉందనుకుందాం, మనోడు అందులో ఉన్నాడు, అందుకే వదిలేస్తున్నారు" అంటాడు రెండోవాడు. ఇద్దరికీ భలే నచ్చేస్తుంది. ఇక అక్కడి నుంచి వాళ్లు రాసే ప్రతి సీన్‌లో ఆ లిస్టు ఉన్నట్టే రాస్తారు, కానీ లిస్టు అనే మాట మాత్రం ఎక్కడా పడదు, ఎందుకంటే వాళ్లిద్దరికీ అది ఎప్పుడో తేలిపోయిన సంగతి, తేలిపోయినదాన్ని మళ్లీ ఎవరు విడమరిచి రాస్తారు?

కొన్నాళ్లకు మూడో ప్లేయర్ తన క్యారెక్టర్, నీడల్లో కలిసిపోయే దొంగ, డాల్ఫిన్స్ నోస్ కొండ కింది నుంచి హార్బర్‌లోకి చొరబడినట్టు రాస్తుంది. పవర్లున్న మనిషి వస్తుందని నేవీ కలలో కూడా అనుకోలేదన్నట్టు రాస్తుంది, డాక్యుమెంట్ ప్రకారం అందులో తప్పేమీ లేదు. మొదటివాడు వచ్చి రెండు లైన్లలో పట్టించేస్తాడు: నేవీవాళ్లు ముందే కాపు కాశారు, హీరో వాళ్లతోనే ఉన్నాడు. ఆమెకు కనిపించేది గాల్లోంచి ఊడిపడ్డ బలగం, అన్నీ ముందే తెలిసిపోయిన హీరో, కాబట్టి "ఇది గాడ్‌మోడింగ్" (ఎదుటివాళ్లకు ఛాన్సే లేకుండా తన క్యారెక్టర్‌ని గెలిపించుకోవడం) అంటుంది. అతనికి కనిపించేది అందరికీ తెలిసిన లిస్టును పట్టించుకోకుండా ఇష్టమొచ్చినట్టు రాసిన మనిషి, కాబట్టి "లోర్ చదవకుండా ఎందుకు రాస్తావ్" అంటాడు. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడుతున్నారు, అందుకే ఎవరూ తగ్గరు. జీఎం వచ్చి ఇద్దరి షీట్లూ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఏదో ఒకటి చేయాలి కాబట్టి, హీరో ఈదే వేగం సగానికి తగ్గిస్తాడు. ఈతకూ దీనికీ ఏమిటి సంబంధం!

డాక్యుమెంట్ ఎంత జల్లెడ పట్టినా ఇది దొరకదు, వైరుధ్యం అందులో లేదు కాబట్టి. ఎవరో పనిగట్టుకుని చేసింది కూడా కాదు, నిజానికి ఇలా చాట్‌లో లోకం కట్టేది గ్రూపులో అందరికంటే ఇష్టంగా ఆడేవాళ్లే. ఇంకో మాట, జీఎంలకు నచ్చదు గానీ చెప్పాలి. పేజీ మీదకు రాని ఇలాంటి లోర్ ఎక్కువగా కారేది జీఎం దగ్గరే. ఎవరో ప్రైవేట్‌గా "సార్, పోలీసుల దగ్గర పవర్లను ఆపే బేడీలు ఉంటాయా?" అని అడుగుతారు, జీఎం బస్సులో కూర్చుని "ఆ, ఉంటాయి" అని కొట్టేసి మర్చిపోతాడు. అడిగినవాడి దృష్టిలో అది శాసనం, మిగతావాళ్లకు ఆ బేడీలు ఉన్నాయనే తెలియదు.

ఇదే రోగమా కాదా తేలాలంటే ఒక పరీక్ష ఉంది. ముగ్గురు ప్లేయర్లకు ఒకే సాయంత్రం, విడివిడిగా, డాక్యుమెంట్ తెరవకుండా జవాబు చెప్పమని కొన్ని ప్రశ్నలు పంపండి. పవర్లున్నవాణ్ణి అరెస్టు చేస్తే పోలీసులు ఎక్కడ ఉంచుతారు? ప్రభుత్వం దగ్గర లిస్టు ఉందా? ముసుగు వెనక ఎవరున్నారో పేపర్లవాళ్లకు తెలుసా? హీరోల ఫైట్‌లో దెబ్బలు తగిలినవాళ్లను కేజీహెచ్ ఆసుపత్రిలో ఎలా చూస్తారు? మొన్నటి పెద్ద ఫైట్‌లో ఏం కూలింది, ఆ సంగతి ఊళ్లో ఎంతమందికి తెలుసు? "తెలియదు" అని వచ్చిన జవాబు గురించి కంగారు పడకండి, అది ఖాళీ స్థలం, ఎవరైనా నింపుకోవచ్చు. ముగ్గురూ ఏమాత్రం తడుముకోకుండా మూడు రకాలుగా చెప్పిన ప్రశ్న ఏదో చూడండి, రేపటి గొడవ అక్కడి నుంచే వస్తుంది.

మందు ఒక్క రూలు: పేజీ మీద లేనిది జరగనట్టే. ప్రైవేట్ చాట్లు ఆపమని చెప్పడం లేదు, ఆపమన్నా ఎవరూ ఆపరు, అసలు ఆ చాట్లలోనే మంచి ఆలోచనలు పుడతాయి. సీన్‌లో వాడే ముందు ఆ ముక్క బయటికి రావాలి, అంతే. "నిర్ణయాలు" అని గ్రూపు చాట్‌లో ఒక ఛానెల్ పెట్టండి. ఒక్కో సంగతికి ఒక్కటే లైను, పక్కన "జరిగింది" లేదా "అనుకున్నాం". "జరిగింది" అంటే ఏదో సీన్‌లో అందరి కళ్ల ముందు వచ్చింది, దాన్ని మార్చాలంటే అందరినీ అడగాలి. "అనుకున్నాం" అంటే ఇంకా పచ్చిగానే ఉంది, ఒక రోజు ఆగి ఎవరూ అడ్డు చెప్పకపోతే వాడుకోవచ్చు. నేవీ లిస్టు సంగతి ఆ రాత్రే అక్కడ ఒక లైనుగా పడి ఉంటే ఆ దొంగ హార్బర్‌కు వెళ్లే ముందు రెండుసార్లు ఆలోచించేది, లేదా ఆ లిస్టే దొంగిలించడానికి వెళ్లేది, అది ఇంకా మంచి సీన్.

జీఎంకు వేరే రూలు: లోర్ ప్రశ్నకు ప్రైవేట్‌గా జవాబు ఇవ్వకూడదు. "ఛానెల్లో అడుగు, అక్కడే చెప్తా" అనాలి. మొదట్లో మొహం చిట్లిస్తారు, తర్వాత అలవాటు పడతారు.

"మరి ట్విస్టులు? రహస్యాలు ముందే రాసేస్తే ఇక మజా ఏముంది?" అని అడుగుతారు. రహస్యం రాయక్కర్లేదు, రహస్యం ఉన్న చోటు రాస్తే చాలు. "హార్బర్‌లో ఒక సంగతి ఉంది, అక్కడ సీన్ పెట్టేముందు ఫలానా ప్లేయర్ని అడగండి." ట్విస్టు చెక్కుచెదరదు, తెలియక అందులోకి నడిచేవాళ్లూ ఉండరు.

ఇప్పటికే గొడవ అయిపోయి ఉంటే పాత సీన్లన్నీ రెట్‌కాన్ చేయకండి (అంటే వెనక్కి వెళ్లి జరిగినదాన్ని మార్చకండి), సగంమంది అక్కడే మానేస్తారు. పేజీ మీద ఉన్నదే నిలుస్తుంది, చాట్‌లో ఉన్నదాన్ని ఆ లోకంలో పుకారుగా మార్చేయండి. సూపర్‌హీరో లోకంలో పేపర్లు, టీవీ చానళ్లు, టీ కొట్లు అన్నీ ఉంటాయి కదా. "నేవీ దగ్గర లిస్టు ఉందట" అని ఒక చానల్ అరుస్తుంది, ఇంకో చానల్ అదంతా అబద్ధమంటుంది, నేవీ నోరు విప్పదు. లిస్టు కనిపెట్టినవాళ్ల శ్రమ వృథా పోలేదు, దొంగ చొరబాటూ చెల్లింది. ఎవరి మాట వీగిపోయిందో వాళ్లకు తర్వాతి సీన్ మొదలుపెట్టే ఛాన్స్ ఇవ్వండి, అలకలు చాలావరకు అక్కడికి తీరిపోతాయి.

ఒక్క పని మాత్రం చేయొద్దు: "నీదొక లోకం, నాదొక లోకం, రెండూ మల్టీవర్స్‌లో (పక్కపక్కనే ఉండే అనేక లోకాల్లో) ఉన్నాయి" అనడం. డీసీ కామిక్స్ 1961లో పాత ఫ్లాష్‌కూ కొత్త ఫ్లాష్‌కూ (ఒకే పేరున్న ఇద్దరు హీరోలు) పొంతన కుదర్చడానికి ఇద్దరినీ రెండు భూముల మీద పెట్టింది. చదవడానికి బాగానే ఉంది, తర్వాత భూములు పెరుగుతూ పోయాయి, చివరికి వాటన్నిటినీ కలిపేయడానికి 1985-86లో 12 సంచికల సిరీస్ తీయాల్సి వచ్చింది. జీతాలిచ్చి ఎడిటర్లను పెట్టుకున్న కంపెనీకే అంత పని పడింది. మీ గ్రూపులో అయితే మల్టీవర్స్ అన్న మరుసటి రోజు నుంచే రెండు వర్గాలు రెండు ఛానెళ్లలో ఆడుకుంటాయి.

కొత్తవాళ్లు ఒక్క సీన్ రాసి మాయమవుతున్నారు

"ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అనేసే ముందు వాళ్ల ఆ ఒక్క సీన్ కింద ఏం జవాబులు వచ్చాయో చదవండి. "అలా కుదరదు, ఆల్రెడీ తేలిపోయింది" అని పాతవాళ్లు అని ఉంటే, ఆ తేలిపోయింది డాక్యుమెంట్‌లో ఉందా? లేకపోతే పైన చెప్పిన జబ్బే ఇదీ, అదే మందు.

ఉంటే మాత్రం కారణం వేరు, ఊరంతా ముందే పంచేసుకున్నారు. పోర్టు ఒకరిది, స్టీల్ ప్లాంట్ ఒకరిది, కైలాసగిరి ఇంకొకరిది, కొత్తగా వచ్చినవాళ్లు కాలు పెట్టడానికి అడుగు నేల లేదు. భీమిలినో గాజువాకనో అనకాపల్లినో ఎవరూ ముట్టుకోకుండా వదిలేయండి.

అరుదుగా వచ్చేవి

కావాలనే ఆట చెడగొట్టేవాడు నిజంగానే దొరికితే తీసేయండి, అతని కోసం లోర్ మార్చక్కర్లేదు. అమెరికాలో ఉన్న ప్లేయర్ మనం నిద్రపోతుండగా ఆరు పోస్టులు పెట్టేస్తే ఎదుటివాళ్లు ఒక పోస్టు పెట్టాకే నీదొక పోస్టు అనండి, సరిపోతుంది. మన సెట్టింగ్ ఎవరో ఎత్తుకుపోయారని గొడవ చేసేవాళ్లు ఉంటారు, పోనీయండి. సిస్టమ్ మారుద్దామనే మాట వస్తే ముందు పై పరీక్ష చేసి చూడండి, చాలాసార్లు ఆ తర్వాత ఆ మాట మళ్లీ వినబడదు.

నిర్ణయాల ఛానెల్ మరీ పొడవై ఎవరూ చదవట్లేదని కొన్నాళ్లకు ఫిర్యాదు వస్తుంది, తప్పకుండా వస్తుంది. నెలకోసారి "జరిగింది" లైన్లు డాక్యుమెంట్‌లోకి ఎక్కించండి, నెల దాటినా ఎవరూ వాడని "అనుకున్నాం" లైన్లు కొట్టేయండి. ఆ పని జీఎంకు కాకుండా అందరికంటే ఆలస్యంగా చేరిన ప్లేయర్‌కు ఇవ్వండి. అర్థం కాని లైను దగ్గర ఆగి అడిగేది వాళ్లే.