గేటుకు అడ్డంగా కారు పెట్టే పొరుగువారితో వ్యవహరించే పద్ధతి

విశాఖపట్నంలోని సీతమ్మధార, అక్కయ్యపాలెం, పెదవాల్తేరు వంటి ప్రాంతాల్లో ఒకప్పుడు ఒక కుటుంబం ఉన్న స్థలంలో ఇప్పుడు అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. వీధి వెడల్పు మాత్రం అప్పటిదే. సెల్లారులో ఫ్లాటుకు ఒక కారు పడితే రెండో కారు వీధిలోకి వస్తుంది, ఆ వీధిలో ఖాళీగా కనిపించేది సాధారణంగా ఎవరిదో ఒకరి గేటు ముందరి జాగా.

మాట్లాడడానికి వెళ్లేముందు మన హక్కు ఎంతవరకో తెలుసుకోవాలి. గేటు బయటి స్థలం వీధిదే తప్ప మనది కాదు. మనకున్నది మన ఇంట్లోకి రావడానికీ, ఇంట్లోంచి పోవడానికీ అడ్డులేని దారి మాత్రమే. అందువల్ల గేటు పక్కన ప్రహరీ పొడవునా ఎవరైనా కారు పెట్టుకుంటే మనకు అభ్యంతరం చెప్పే అధికారం లేదు. వీధిలో పూలకుండీలు, బండరాళ్లు పెట్టి ఆ జాగాను ఆపుకున్నా, కాలువ దాటించి ర్యాంపును రోడ్డు మీదికి పొడిగించినా ఆక్రమణ మనదే అవుతుంది. తీరా ఫిర్యాదు చేశాక జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) సిబ్బంది వచ్చి ముందు మన ర్యాంపునే కొలిస్తే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

తర్వాత ఆ కారు ఎవరిదో తేల్చుకోవాలి. నంబరు ప్లేటు మీద ఏపీ 31 ఉంటే విశాఖ బండి అని పూర్వం చెప్పగలిగేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చాక ఆ ఆనవాలు కూడా పోయింది. ఈ విషయంలో ఎదురింటి అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను మించిన ఆధారం లేదని నా అనుభవం. ఏ ఫ్లాటువారిది, ఎన్నింటికి తీస్తారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి అతనికి తెలుస్తాయి.

మాట్లాడే వేళను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ఆఫీసుకు ఆలస్యమై, హారన్ మోగించి, మనిషి కిందికి దిగేసరికి మన నోట మంచి మాట రాదు. బండి అడ్డులేని రోజున, తీరికగా, ఒక్కరమే వెళ్లి మాట్లాడడం మేలు. మా వీధి వాలుగా ఉంటుంది. మా గేటు పక్క ఇంటి పెద్దాయన తన కారును ర్యాంపు అంచుకు ఆనించి నిలిపి, వెనక చక్రం కింద రాయి పెట్టేవారు. కారు తీసుకెళ్లినా రాయి మాత్రం ర్యాంపు ముందే ఉండిపోయేది. చాలాసార్లు చెప్పినా, “బోలెడు జాగా ఉంది కదా మాస్టారూ” అనేవారు. ఒక ఆదివారం పొద్దున్న ఆయన్ను పిలిచి నా కారు తాళాలు చేతిలో పెట్టి, “ఓసారి మీరే తీసి చూడండి” అన్నాను. ఆయన రివర్సులో వచ్చి, ఆగి, హ్యాండ్‌బ్రేకు వేసి, స్టీరింగు మళ్లీ తిప్పి, మూడోసారికి కూడా బయట పడలేక కిందికి దిగారు. “ఇంకో మూడడుగులు కావాలండీ” అని ఆయనే అన్నారు. ఆ మూడడుగులు కొలిచి, మా ప్రహరీ మీద ఇద్దరం కలిసి తెల్లరంగు గీత వేశాం. రాయి ఇప్పుడు ఆయన డిక్కీలో ఉంటుంది. అడ్డు పెట్టకండి అనడం కన్నా, ఎన్ని అడుగులు వదలాలో చూపించడం ఎక్కువ పనిచేస్తుంది.

ఆ మాటా చెల్లకపోతే రాతపూర్వకంగా అడగాలి. అద్దెకున్నవారైతే ఇంటి యజమానికి, ఫ్లాటువారైతే అసోసియేషన్ కార్యదర్శికి వాట్సాప్‌లో మర్యాదగా, తేదీ, సమయం రాసి పంపాలి. ఫోటోలో గేటు, నంబరు ప్లేటు రెండూ కలిసి కనబడాలి. నంబరు ఒక్కటే తీస్తే బండి ఎక్కడ నిలిచిందో తెలియదు.

చట్టం మన పక్షానే ఉంది. ఇంటి ప్రవేశమార్గానికి ఎదురుగా వాహనం నిలపరాదని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ నిబంధనలను మీరితే మోటారు వాహనాల చట్టం 177ఏ సెక్షన్ కింద 500 నుంచి 1,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. నిషేధించిన చోట నిలిపిన బండిని యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి తొలగింపజేయవచ్చనీ, ఆ ఖర్చు యజమానిదేననీ 127వ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ప్రజలు నడిచే దారికి అడ్డు కలిగిస్తే 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. ఆస్పత్రికి వెళ్లాల్సిన సమయంలో దారి మూసుకుపోతే ఆలోచించకుండా 112కు ఫోన్ చేయాలి. రోజువారీ బెడదకు మాత్రం మన పరిధిలోని ట్రాఫిక్ స్టేషన్‌లో ఫోటోలతో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వడం సరైన దారి. సందులోకి టోయింగ్ బండి వస్తుందని ఎక్కువగా ఆశపడవద్దు. చాలాసార్లు కానిస్టేబుల్ చేసే ఒక్క ఫోనుతోనే కారు కదులుతుంది.

కోపంలో టైరు గాలి తీయడం, తలుపు గీకడం చేయకూడదు. అవి ఎదుటివారి ఆస్తికి కావాలని నష్టం చేసిన నేరాలుగా మారి, అప్పటివరకు మన చేతిలో ఉన్న ఫిర్యాదు వారి చేతికి పోతుంది. వారి కారుకు మన కారు అడ్డం పెట్టడం కూడా అలాంటిదే.

కొన్ని రోజులను మాత్రం లెక్కలోంచి తీసేయాలి. పక్కింట్లో పెళ్లి, చావు సరేసరి. సింహాచలం గిరి ప్రదక్షిణ నాడు ఎంవీపీ కాలనీ, ఇసుకతోట వైపు 32 కిలోమీటర్ల దారి పొడవునా జనం నడుస్తుంటే బండ్లు సందుల్లోకి రాక తప్పదు. అలాంటప్పుడు మనం అడగవలసింది ఒక్కటే: కారు అద్దం వెనక ఫోన్ నంబరు రాసిన కాగితం. కిందటి ప్రదక్షిణ నాడు మా పక్కింటి పెద్దాయన కాగితంతో ఆగకుండా, చుట్టాల కారు తాళం తెచ్చి మా ఇంట్లోనే ఇచ్చివెళ్లారు.