15డబ్ల్యూ-40 ఆ, 20డబ్ల్యూ-50 ఆ? వాడిన ఆయిల్ పరీక్షతో తేల్చుకోవడం ఎలా?

ట్రాక్టర్‌కు ఏ గ్రేడు ఆయిల్ నప్పుతుందో వేళ్ల మధ్య రుద్ది చెప్పలేం. వేళ్లకు తెలిసేది చల్లారిన ఆయిల్ చిక్కదనం, బేరింగులను కాపాడేది వేడి ఆయిల్ చిక్కదనం. రంగు చూసి కూడా చెప్పలేం. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది గంటలకే నల్లబడుతుంది.

15డబ్ల్యూ-40ని 20డబ్ల్యూ-40తో పోల్చి లాభం లేదు. చివరి అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనానిది: 40 అంటే 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. ముందున్న అంకె చలిలో స్టార్టింగ్‌కు సంబంధించినది. 15డబ్ల్యూని పరీక్షించేది మైనస్ 20 డిగ్రీల దగ్గర, వరంగల్‌లో ఆ చలి ఎన్నడూ రాదు. మాన్యువల్ రెంటినీ ఒప్పుకుంటేనే 15డబ్ల్యూ-40ని 20డబ్ల్యూ-50తో పోల్చండి.

ఇంజిన్ పనిచేసి వేడిగా ఉన్నప్పుడే, ఆపిన 10 నిమిషాల్లో శాంపిల్ పట్టాలి. ఆలస్యమైతే లోహపు రజను అడుక్కు దిగుతుంది. డ్రెయిన్ బోల్టు చుట్టూ మట్టిని బాగా తుడవండి, లేకుంటే రిపోర్టులో మట్టిని సూచించే సిలికాన్ పెరిగి నెపం ఎయిర్ ఫిల్టర్ మీద పడుతుంది. మొదటి ధార వదిలేసి, మధ్య ధారలో 100 మి.లీ. ల్యాబ్ ఇచ్చిన సీసాలోనే పట్టండి. కూల్‌డ్రింక్ బాటిల్ వద్దు, వేడికి ముడుచుకుపోతుంది, లోపల తడి కూడా ఉండొచ్చు. సీసా మీద ఆ ఆయిల్ నడిచిన గంటలు, మధ్యలో ఎంత టాపప్ పోశారో రాయాలి. టాపప్ పోస్తే లోహాల లెక్క పలుచబడి రిపోర్టు ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. అదే డబ్బాలోని కొత్త ఆయిల్ కూడా 100 మి.లీ. పంపండి. అది లేకుండా ఎంత మారిందో లెక్క తేలదు.

గ్రేడు మార్చాక మొదటి రిపోర్టును పక్కన పెట్టండి, పాత ఆయిల్ కొంత ఇంజిన్‌లో మిగిలే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో గ్రేడుకు కనీసం 3 రిపోర్టులు కావాలి, అవీ ఒకే రకం పనిలో. వానాకాలం బురదలో కేజ్ వీల్స్‌తో దున్నినప్పటి రిపోర్టును, ఎండాకాలం చెలకలో దుమ్ములేపిన రోటావేటర్ పనితో పోల్చకూడదు.

ఇక రిపోర్టు. కొత్త ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 14.5 సెంటీస్టోక్‌లు ఉండి, 250 గంటలకు 12.3కి దిగిందనుకోండి. 15 శాతం తగ్గింది, 40 గ్రేడు దాటి 30లోకి జారింది. దీనికి కారణం డీజిల్ కలవడమైనా కావచ్చు, వేడిలోనూ చిక్కదనం నిలిపేందుకు ఆయిల్‌లో కలిపే పాలిమర్ తెగిపోవడమైనా కావచ్చు. డీజిల్ శాతం ఎక్కువుంటే గ్రేడు మార్చి ప్రయోజనం లేదు, 20డబ్ల్యూ-50 పోసినా పలుచబడుతుంది. ముందు నాజిళ్లు, పంపు చూపించాలి. చిక్కదనం పెరిగితే మసి చేరిందని, లేదా ఆయిల్ మార్చే గడువు దాటిందని అనుమానించాలి.

అరిగి ఆయిల్‌లో చేరిన ఇనుమును 100 గంటలకు ఎంత అని లెక్కగట్టాలి. 250 గంటల్లో 40 పీపీఎం (పది లక్షల్లో 40 వంతులు) అంటే 16, 200 గంటల్లో 36 అంటే 18. ఇంత చిన్న తేడాతో ఏ గ్రేడు మేలో చెప్పలేం. సీసం, రాగి రెండూ రిపోర్టు రిపోర్టుకూ పెరుగుతుంటే మాత్రం బేరింగులు విప్పి చూడాల్సిందే. ల్యాబ్ యంత్రానికి దొరికేది సన్న రజను మాత్రమే, పెద్ద పలుకులు దానికి అందవు. అందుకే ప్రతిసారీ ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, కాగితం మడతలు విప్పి, ఎండలో పెట్టి మెరుపు ఉందేమో చూడండి.