ముందు చక్రంలో చప్పుడు: బేరింగ్ మార్చే ముందు లోపలి ప్యాడ్ చూశారా?

ముందు చక్రం దగ్గర చప్పుడు వస్తోందని కారు తెచ్చేవాళ్లు చాలామంది తీర్పు కూడా తామే ఇచ్చేసి వస్తారు. ‘బేరింగ్ పోయినట్టుంది’ అనేది ఒకటి. ‘ప్యాడ్లు మొన్ననే మార్పించాను, కాబట్టి బ్రేకులు కావు’ అనేది ఇంకొకటి (ప్యాడ్లంటే చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ను రెండు పక్కలా అదిమి బండిని ఆపే దిమ్మలు). ఈ రెండో మాట వినగానే నా అనుమానమంతా బ్రేకుల మీదికే పోతుంది. ఎందుకో కింద చెబుతాను.

జాకీ ఎత్తడం, స్టాండ్ పెట్టడం, చక్రం విప్పడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఒట్టి జాకీని నమ్మి మాత్రం పని చేయకండి.

అన్నిటికన్నా ముందు వీల్ నట్లు. పంక్చర్ వేయించాకో టైర్లు మార్చాకో లొడలొడమని చప్పుడు మొదలైతే వేరే ఆలోచన పెట్టుకోకుండా స్పానర్ తీసుకుని నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. సస్పెన్షన్ సగం విప్పి, ఏమీ దొరక్క, మళ్లీ బిగించేటప్పుడు నట్లు వదులుగా ఉన్న సంగతి తెలుసుకునే వాళ్లను ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

తర్వాత, చప్పుడు ఎలా ఉందో వర్ణించడం మానేసి ఎప్పుడొస్తోందో గమనించండి. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో పోతూ బ్రేక్ పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించండి. చప్పుడు ఆగినా, పెరిగినా, తీరు మారినా దాని మూలం దాదాపుగా బ్రేకుల్లోనే ఉంది. ఏ మార్పూ లేకపోతే బేరింగ్, టైర్ల వైపు చూడాలి. అర నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

బ్రేక్ తొక్కితేనే కీచుమంటోంది

రాత్రంతా వానలో నిలిపిన కారైతే పొద్దున్నే కాస్త అరుస్తుంది. డిస్క్ మీద పట్టిన పలచటి తుప్పు అది, నాలుగైదు సార్లు బ్రేక్ వేస్తే పోతుంది. రోజంతా అరుస్తుంటే ఎక్కువగా ప్యాడ్లు అరిగినట్టే. చాలా ప్యాడ్లకు చిన్న లోహపు నాలుక ఉంటుంది. మందం 2–3 మిల్లీమీటర్లకు దిగేసరికి అది డిస్క్‌కు తగిలి కూస్తుంది. కీచు పోయి గరగర మొదలైందంటే ఇనుము ఇనుమును కోస్తోందన్నమాట. అప్పుడు ప్యాడ్లతో సరిపోదు, డిస్క్ మందం కూడా కొలవాలి. కనీస మందం ఎంతో చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. ప్యాడ్లు మార్చేటప్పుడు కుడి, ఎడమ రెండు వైపులా మార్చండి.

వేగంతో పాటు గుయ్యిమనే మోత పెరుగుతోంది

బేరింగ్ కావచ్చు, టైర్ కావచ్చు. ముందు టైర్ మీద అరచేత్తో ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి నిమరండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపంలా గీసుకుంటే టైర్ ఎగుడుదిగుడుగా అరిగింది. ముందు టైర్లను అదే వైపు వెనక్కి మార్చి నడపండి. మోత కూడా వెనక్కి పోతే బేరింగ్ జోలికి వెళ్లనక్కర్లేదు. బేరింగ్ అయితే వంపుల్లో తేడా తెలుస్తుంది: కారు కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, అప్పుడు మోత పెరిగితే ముందు ఎడమ బేరింగ్‌ని అనుమానించాలి. చక్రం ఎత్తి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద పెడితే, పాడైన బేరింగ్ గరుకుదనం వేళ్లకు అందుతుంది.

బ్రేక్ వదిలేసినా రాసుకుంటున్న చప్పుడు

జనాన్ని ఎక్కువగా తిప్పించేది ఇదే. సన్నగా, చక్రం తిరిగే లయలో స్స్... స్స్... అంటుంది. బ్రేక్ మీద కాలు పెడితే ఒక్కోసారి మాయమవుతుంది. చక్రం ఊచల సందులోంచి చూస్తే ప్యాడ్ కొత్తదానిలా మందంగా కనిపిస్తుంది. దాంతో ‘ప్యాడ్లు బాగానే ఉన్నాయి’ అని బేరింగ్ మార్చేస్తారు. చప్పుడు అలాగే ఉంటుంది.

బయటి నుంచి కనిపించింది బయటి ప్యాడ్ మాత్రమే. ప్యాడ్లను పట్టుకుని డిస్క్‌కు అదిమే భాగం కాలిపర్. మామూలు కార్లలో ఎక్కువగా ఉండే రకానికి పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. పెడల్ తొక్కగానే పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్క్ మీదికి నెడుతుంది. ఆ ఎదురు ఒత్తిడికి కాలిపర్ మొత్తం రెండు గైడ్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొచ్చి అదుముతుంది. ఆ పిన్నులు పట్టేస్తే కాలిపర్ జరగదు. పని భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది, వదిలినా అది పూర్తిగా వెనక్కి రాదు. బయటి ప్యాడ్ నిండుగా ఉండగానే లోపలిది దాని వీపున ఉండే ఇనుప రేకు దాకా అరిగిపోతుంది. ఇలాంటి చక్రానికి కొత్త ప్యాడ్లు వేసి పంపితే కొన్నాళ్లు నెమ్మదిగా ఉండి, మళ్లీ అదే పాట. ‘మొన్ననే మార్పించాను’ అన్నప్పుడు నాకు అనుమానం వచ్చేది అందుకే.

చక్రం విప్పకముందే ఆనవాళ్లు దొరుకుతాయి. బ్రేక్ పెద్దగా వాడకుండా పావుగంట నడిపి ఆపండి. రెండు ముందు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి సెగ పోల్చండి. డిస్క్‌ను ముట్టుకోవద్దు, చర్మం ఊడి వస్తుంది. ఒకటి గోరువెచ్చగా, రెండోది చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే దోషి దొరికినట్టే. ఆ చక్రం మీద నల్లటి పొడి కూడా ఎక్కువగా పేరుకుంటుంది. బండి ఒక పక్కకు లాగడం, మైలేజీ తగ్గడం కూడా ఉండొచ్చు.

చక్రం విప్పాక లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ పక్కపక్కన పెట్టి మందం చూడండి. కాస్త తేడా మామూలే. ఒకటి సగం, ఒకటి రేకు అయితే కాదు. కాలిపర్ విప్పినప్పుడు దాన్ని హోస్ (బ్రేక్ ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం) మీద వేలాడదీయకండి, తీగతో స్ప్రింగ్‌కు కట్టండి. ఇప్పుడు పిన్నులు ఒక్కొక్కటీ వేళ్లతో లాగి చూడండి. మెత్తగా లోపలికీ బయటికీ జరగాలి. సుత్తి, పట్టుకారు అవసరమైతే జబ్బు అక్కడే. ఎక్కువగా పిన్నును కప్పే రబ్బరు బూటు చిరిగి నీళ్లు పోవడమే కారణం. పిన్ను, అది కూర్చునే రంధ్రం తుడిచి, తుప్పు గుంటలు పడితే పిన్ను మార్చి, కొత్త బూటు వేయండి. బ్రేకుల కోసం తయారైన సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే చాలు. బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. చాలామంది చేసే పని ఇదే. పై పిన్ను, కింది పిన్ను కొన్ని కార్లలో వేర్వేరు, తారుమారు చేయకండి.

ఇక్కడితో ఆపేసేవాళ్లు సగం పనే చేసినట్టు. ప్యాడ్ రెండు కొసల చెవులు కూర్చునే చోట స్టీలు క్లిప్పులు ఉంటాయి. వాటి కింద బ్రాకెట్‌కు (కాలిపర్‌ను మోసే ఇనుప చట్రం) తుప్పు పట్టి, ఉబ్బి, క్లిప్పును పైకి లేపుతుంది; ప్యాడ్ అందులో బిగుసుకుపోతుంది. పైనుంచి చూస్తే క్లిప్పు తళతళలాడుతూనే ఉంటుంది. క్లిప్పులు పీకి, బ్రాకెట్‌ను వైర్ బ్రష్‌తో లోహం కనిపించేదాకా గీకండి. కొత్త క్లిప్పులు పెట్టాక ప్యాడ్ వేలితో నెడితే జారాలి.

పిన్నులు, క్లిప్పులు బాగుంటే పిస్టన్ చూడాలి. సి క్లాంప్‌తో మెల్లగా నొక్కితే అది లోపలికి పోవాలి. పోకపోతే కాలిపర్ మీద ఉండే బ్లీడర్ నిప్పిల్ (బ్రేక్ ఆయిల్లోని గాలి బయటికి తీసే మర) వదులు చేసి నొక్కండి. అప్పుడు సులువుగా పోతే పిస్టన్ తప్పు కాదు. ఎక్కువగా హోస్ లోపల వాచి ఆయిల్‌ను వెనక్కి రానివ్వడం లేదు, హోస్ మార్చాలి. అప్పటికీ కదలకపోతే పిస్టనే పట్టేసింది: సీల్ కిట్టో, కాలిపరో మార్చాలి. నిప్పిల్ తెరిచినా, హోస్ మార్చినా బ్రేక్ ఆయిల్లో చేరిన గాలి తీయకుండా కారు కదపకూడదు. పిస్టన్ నొక్కేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగుతుందేమో చూస్తుండండి, పెయింట్ మీద పడితే పాడుచేస్తుంది.

అన్నీ బిగించాక కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. మరిచిపోతే మొదటి బ్రేక్‌కు పెడల్ నేలకు తగులుతుంది. తర్వాత మళ్లీ పావుగంట నడిపి రెండు చక్రాల సెగ పోల్చండి.

మిగతావి

స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజను బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ) బయటి జాయింట్. దాని బూటు చిరిగి గ్రీజు చిమ్మి ఉంటుంది. గతుకుల్లో టక్కుమంటే సస్పెన్షన్‌లోని స్టెబిలైజర్ లింకు, బాల్ జాయింట్, ఆర్మ్ బుష్‌లు. బ్రేక్ వేస్తే పెడల్ అదిరితే డిస్క్ మందంలో తేడా, లేదా చక్రం బిగించే హబ్‌కూ డిస్క్‌కూ మధ్య తుప్పు. ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడేలా కీచుమంటే డిస్క్‌కూ దాని వెనక దుమ్ము ఆపే రేకుకూ మధ్య రాయి ఇరుక్కుని ఉంటుంది. కాస్త వెనక్కి నడిపితే చాలాసార్లు రాలిపోతుంది. రాలకపోతే డిస్క్ చల్లారాక రేకును కొంచెం వంచి తీసెయ్యండి.